రాక్‌కి జపాన్ యాస

నిన్న మార్కమ్‌లో ఆఫీసు పార్కింగులో కారు ఆపుతుంటే, పక్క కారులోంచి గిటారు మోత, దాని మీద జపాన్ భాషలో గొంతు చించుకుంటున్న ఎవరో కుర్రాడి పాట వినిపించాయి. నవ్వాగలేదు. పద్మావతి ఆంటీ గుర్తొచ్చారు. మన పిల్లలు విమానాలకు విమానాలు నిండిపోయి కెనడాలో దిగుతున్న ఆ ఏళ్ళలో నేనూ సార్నియా కాలేజీలో చేరాను. అక్కడ బస్సుని నమ్ముకుంటే క్లాసు గోవిందా. ఒకింటి బేస్‌మెంట్‌లో కలిసి అద్దెకుండే మమ్మల్ని పొద్దున్నే తన వ్యాన్‌లో కాలేజీకి దింపేవారు ఆంటీ. రాజమండ్రి ఆవిడ, సార్నియాలోనే కెమికల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. రూపాయి కాసంత బొట్టు, చీర మీద స్నో జాకెట్టు. సుప్రభాతం పెడతారనుకున్నాను. జపాన్ రాక్ పెట్టారు, అదీ అద్దాలు అదిరేలా!

ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు ఆవిడతో వాదించి తీరాలి. "చెప్పవే స్రవంతీ, ఈ జపాన్ పాట మామూలు రాకేనా, వేరే జాన్రానా?" అనేవారు. "గిటార్లూ డ్రమ్సూ అవే కదా ఆంటీ, భాషే కదా వేరు," అన్నాను ఓసారి. "ఇడ్లీ పిండితోనే దిబ్బరొట్టె కాలుస్తాం. అలాగని దిబ్బరొట్టెను ఇడ్లీ అంటే ఊరుకుంటానా?" అని ఆవిడ స్టీరింగు మీద దరువేశారు. రుచి వేరైతే జాన్రా వేరేనట. నాకు మాత్రం ఆకలేసింది.

నిజానికి అప్పట్లో నేను నోరు తెరవడానికే భయపడేదాన్ని. మాది జగిత్యాల. రూమ్మేట్లు సరదాకే అయినా నా "గట్లనా" పట్టుకుని ఆడుకునేవారు. దాంతో నా మాటను మింగేసి, వాళ్ళ "అండీ"లు నేర్చుకున్నాను. ఒకరోజు వ్యాన్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "ఆఁ, తిన్నానండీ," అన్నాను. కన్నతల్లిని పట్టుకుని అండీ! అవతల అమ్మ, "ఎవలమ్మా మాట్లాడేది? జర మా స్రవంతికియ్యి ఫోను," అంది. వెనక సీటంతా ఘొల్లుమంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఫోన్ పెట్టేశాను. మా అమ్మకే నేను తెలియకుండా పోయాను.

ఆంటీ వ్యాన్ పక్కకు ఆపి, మొదటిసారి పాట సౌండు తగ్గించారు. "అమ్మ దగ్గర కూడా అద్దె తెలుగేంటే? ఈ జపాన్ కుర్రాళ్ళూ ముందు ఇంగ్లీషువాళ్ళలాగే పాడాలని చూసుంటారు. ఎప్పుడైతే సొంత నోటితో పాడారో, అప్పుడే వేరే జాన్రా అయింది."

ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది నాకు. "ఏం కాలె! అది సుత రాకే ఆంటీ! యాస జపాన్‌ది, గంతే! మరి నాది వేరే భాషనా? నాది సుత తెలుగే!"

వ్యాన్‌లో ఎవరూ నవ్వలేదు. "అదీ! ఇప్పుడు చెయ్యి మీ అమ్మకి," అన్నారు ఆంటీ. చేశాను. "అమ్మా, నేనేనే. తిన్న. నువ్వు తిన్నవా?" అన్నాను. "ఆఁ, గిప్పుడు నా బిడ్డె మాట్లాడుతున్నది," అంది అమ్మ.

ఆంటీ ఇప్పుడు కాల్గరీలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోరు, ఫోన్‌లో ఇంకా వాదిస్తూనే ఉంటారు. నన్ను చూసి ఒకప్పుడు తెలుగువాళ్ళు, "మీది తెలంగాణా? మాటల్లో అస్సలు తెలియదే!" అని మెచ్చుకునేవారు. ఇప్పుడు నోరు తెరిస్తే చాలు, "జగిత్యాల సైడా?" అంటారు.

"అవ్! ఎట్ల గుర్తువట్టిన్రు?" అంటాను, ఏమీ తెలియనట్టు.