అక్క విడిచిన ఫ్రేములు

మైనస్ ఏడు నంబరున్న మనిషికి కళ్లజోళ్ల దుకాణంలో అద్దం ఎందుకూ పనికిరాదు. కొత్త ఫ్రేము పెట్టి చూసుకోవాలంటే ఉన్న జోడు తీయాలి. తీస్తే ముఖం పోతుంది. ఆవిరి పట్టిన కిటికీ అవతల ఎవరో నిలబడ్డట్టు ఒక మసక మాత్రం మిగులుతుంది. బాగుందో లేదో పక్కనున్నవాళ్లు చెప్పాలి, మనం నమ్మాలి.

చెల్లెలికి నలభై ఎనిమిదో ఏడు వచ్చేదాకా ఈ ఇబ్బంది తెలియదు. ఆమె ఫ్రేములన్నీ అక్క ముఖం మీద బాగున్నాయని తేలాక, ఆ తర్వాత అక్కకు మొహం మొత్తాక, ఆమె దగ్గరికి వచ్చేవి.

ఆ పద్ధతి పెట్టింది నాన్న. చెల్లెలికి తొమ్మిదేళ్లప్పుడు బడిలో నల్లబల్ల మీద అక్షరాలు కరిగిపోవడం మొదలైంది. అదే వారం పదకొండేళ్ల అక్క, తన లావుపాటి నల్ల ఫ్రేము ముసలమ్మ జోడులా ఉందని ఏడ్చి, కొత్తది సాధించుకుంది. పాతది బల్ల మీద ఊరికే పడి ఉంది.

"అద్దాలు మార్పించి దీనికి పెట్టండి," అన్నాడు నాన్న. "అద్దాలంటే ఎవరివి వాళ్లవి. ఫ్రేముకేం ఎంగిలా?"

ఇంట్లో అందరూ నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది. ఆ నవ్వే సంతకం అయింది.

నాన్న పోయాక కూడా పద్ధతి పోలేదు. చెల్లెలు ఉద్యోగంలో చేరి, అమ్మను తన దగ్గర పెట్టుకుని, సొంత జీతంతో ఇల్లు నడుపుతున్నప్పుడూ పోలేదు. అక్క పెళ్లయి రెండు వీధుల అవతల ఉండేది. బ్యూటీ పార్లరు నడిపేది. కొత్త జోడు కొన్న రోజు సాయంత్రం పాతదాన్ని చేతిసంచీలోంచి తీసి, మిగిలిన కూర గిన్నెలో పెట్టి పంపినంత మామూలుగా, చెల్లెలి చేతిలో పెట్టేది. "బంగారంలా ఉంది. పారేయడానికి మనసొప్పలేదే," అనేది. వద్దంటే అది బంగారాన్ని కాదన్నట్టు. అందుకని చెల్లెలు ఎప్పుడూ వద్దనలేదు.

కాలం మనుషుల ముఖాల మీద నడిచి వెళుతుంది. నల్లటి లావు ఫ్రేములు పోయి, చెంపల సగందాకా దిగే గులాబిరంగు సాసర్లు వచ్చాయి. సాసర్లు పోయి సన్నటి బంగారు తీగలు. తీగలు పోయి, కళ్లు చిట్లించినట్టుండే పలకలు. ఆ తర్వాత అంచే లేని గాజు. ఇప్పుడు మళ్లీ సాసర్లు. ఊరు సాసర్లలో ఉన్నప్పుడు చెల్లెలు నల్ల ఫ్రేములో ఉంది. ఊరు తీగల్లోకి వెళ్లినప్పుడు ఆమె సాసర్లలోకి వచ్చింది. ఏ పాత ఫొటో తీసి చూసినా మూడేళ్ల కిందటి అక్క చెల్లెలి ముఖం మీద కూర్చుని ఉంటుంది.

అక్కది నిండైన ముఖం, వెడల్పాటి ముక్కు. చెల్లెలిది కోలముఖం. ముక్కు మరీ సన్నం, మీద నీటిచుక్క కూడా నిలవదు. జోడు జారేది. వేలితో పైకి తోస్తే మళ్లీ జారేది. చేతులు పనిలో ఉన్నప్పుడు తోయడానికి వేలుండదు. ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే తెలియదు, గడ్డం కాస్త పైకెత్తి ఉంచితే జోడు జారదని నేర్చుకుంది. తల వెనక్కి వాల్చి, రెప్పలు సగం దించి, ముక్కు పొడవునా చూపు పంపేది. అలా చూస్తేనే మనుషులు కనపడేవారు.

ఆమె పని పెద్దాసుపత్రిలో చీట్లు రాసే కౌంటరు దగ్గర. పొద్దున ఎనిమిదింటికి కిటికీ తలుపు తీస్తే అవతల నొప్పులన్నీ వరసలో నిలబడి ఉండేవి. పేరు, వయసు, ఏం బాధ. ఎత్తు కుర్చీలో కూర్చుని అడిగేది. గొంతు మెత్తగానే ఉండేది. కాని జబ్బుతో వచ్చినవాళ్లు గొంతు వినరు, ముఖం చూస్తారు.

"కడుపునొప్పంటే నేనేదో ఆవిడ కిడ్నీ అడిగినట్టు చూస్తుందేంటి?"

"కళ్లు నెత్తికెక్కితే అంతే. చీటీ తీసుకుని పద."

ఆ మాటలు కిటికీలోంచి ఈవతలికి వినపడేవి. ఆసుపత్రిలో ఆమెకు ఆకాశం అని పేరు పెట్టారు. ఎప్పుడూ పైకే చూస్తుంది కాబట్టి. "ఆకాశం వచ్చిందా?" "ఆకాశం భోజనానికి దిగింది." కొత్తగా చేరినవాళ్లు అది ఆమె అసలు పేరే అనుకుని, ఆకాశం గారూ అని మర్యాదగా పిలిచేవారు. అదే ఎక్కువ గుచ్చుకునేది.

ప్రమోషన్ మీద రికార్డు గదికి పెద్ద గుమాస్తాగా వెళ్లే వంతు రెండుసార్లు వచ్చి రెండుసార్లూ తప్పిపోయింది. రెండోసారి ధైర్యం చేసి అధికారి గదిలోకి వెళ్లి అడిగింది. ఇరవై ఏళ్లలో ఒక్కరినీ కసురుకోలేదని చెప్పింది.

"మీరు కసరక్కర్లేదమ్మా," అన్నాడాయన, కాగితాల్లోంచి తలెత్తి ఆమె ముఖం వంక చూసి. "ఇప్పుడు చూస్తున్నారే, అది చాలు."

ఎలా చూస్తోందో ఆమెకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడింది. అద్దం చూసుకునేటప్పుడు ఎవరైనా మంచి ముఖమే పెట్టుకుంటారు.

పోయిన ఏడాది అక్క కళ్లకు ఆపరేషన్ చేయించుకుంది. దూరపు నంబరు మొత్తం పోయింది. "ఇక నీకు పాతవి రావే చిన్నీ, ఏం చేసుకుంటావో," అని నవ్వింది. నిజంగానే, అక్క ఇచ్చిన చివరి జోడు కీలు విరిగి చేతిలోకి వచ్చిన రోజున చెల్లెలు దానికి దారం చుట్టి రెండు రోజులు నెట్టుకొచ్చి, మూడో రోజు సెలవు పెట్టి దుకాణానికి బయలుదేరింది. ఎవరినీ వెంట రమ్మనలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. ఒక్క ఫ్రేము. తన ముక్కు మీద తను ఎంచుకున్నది ఒక్కటి. నడుస్తుంటే ఎండ ఆమె దారం చుట్టిన జోడులో రెండుగా విరిగి కనిపించింది.

దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే ముసలాయన ఉంటాడు. ముప్పై ఏళ్లుగా అక్క ఫ్రేముల్లో చెల్లెలి అద్దాలు బిగించింది ఆయనే. అలవాటుగా చెయ్యి చాపాడు.

"ఏదీ, ఫ్రేము ఇలా ఇవ్వు."

"ఈసారి ఫ్రేము లేదు బాబాయ్ గారూ. కొనుక్కోవాలి."

చాపిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. "అక్కకేమైంది?"

"కళ్లు బాగయ్యాయి."

"ఒకరివి బాగుపడితే గాని నీ వంతు రాలేదన్నమాట," అని గొణిగి, చిన్న స్కేలు తీసి ఆమె కంటిపాపల మధ్య దూరం కొలిచాడు. సరిచూసుకోవడానికి రెండోసారి కొలిచాడు. "యాభై ఎనిమిది. మీ అక్కది అరవై ఆరు. ఆవిడ ఫ్రేముల్లో నీ అద్దాల్ని మధ్యకు లాగడానికి నేను పడ్డ పాట్లు ఆ సానరాయికి తెలుసు. తలనొప్పి వచ్చేదా?"

"రోజూ."

"మరి చెప్పలేదే?"

"అందరికీ వస్తుందనుకున్నా."

ముసలాయన తిరుగుతున్న సానచక్రం ఆపి, అంగీ కొసతో తన జోడు తుడుచుకున్నాడు.

ముందు గదిలో ఫ్రేములు చూపించే ఆవిడ సాసర్లన్నీ గాజుబల్ల మీద పరిచింది. "ఇప్పుడంతా ఇవే నడుస్తున్నాయి మేడం. పెట్టి చూడండి." చెల్లెలు జోడు తీసి ఒకటి పెట్టుకుంది. అద్దం మసకలో మునిగిపోయింది. ముక్కు తగిలేంత దగ్గరికి వెళితే ఒక కన్ను మాత్రం తేలింది.

"బాగుందా?" అని అడిగింది.

"చాలా బాగుంది."

ఇంకోటి పెట్టుకుంది. "ఇది?"

"ఇది కూడా చాలా బాగుంది మేడం."

"మీకు ఏది పెట్టినా బాగున్నట్టుంది."

"మీది ఏది పెట్టినా నప్పే ముఖం," అంది ఆవిడ తడుముకోకుండా. తర్వాత జాలిపడిందేమో, "ఒక పని చేద్దాం. నేను ఫొటోలు తీస్తా, మీ జోడు పెట్టుకుని మీరే చూసుకోండి," అంది.

పన్నెండు ఫ్రేములు, పన్నెండు ఫొటోలు. చెల్లెలు దారం చుట్టిన జోడు పెట్టుకుని ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. వేలితో ఒక్కొక్కటీ జరిపింది. పన్నెండు మంది ఆడవాళ్లు గడ్డాలెత్తి, రెప్పలు వాల్చి, ఆమెను కాళ్ల దగ్గర పడ్డ చిత్తుకాగితంలా చూస్తున్నారు. ఎవరీవిడ, ఇంత పొగరుగా? ఆ ప్రశ్న తన నోట్లోనే పుట్టాక, అది ఎన్ని వేల నోళ్లలో పుట్టి ఉంటుందో ఆమెకు తెలిసింది. కిటికీ అవతలి వరస మొత్తం, ఇన్నేళ్ల వరస, చూసింది ఈ ముఖాన్ని.

"నేను ఇలాగే ఉంటానా?"

"కొంచెం... హుందాగా ఉంటారు," అంది ఆవిడ.

చెల్లెలు ఫోను తిరిగి ఇచ్చేసింది. "జారనిది కావాలి," అంది. "ఫ్యాషను కాకపోయినా పర్వాలేదు."

వెనక గదిలోంచి ఆ మాట విన్న ముసలాయన అడుగు అరలోంచి ఒక డబ్బా తెచ్చాడు. అందులో చిన్న గోధుమరంగు ఫ్రేము, ఎండిన ఆకు ఈనెలంత సన్నటి గీతలతో. "దీని కాలం పోయి పదిహేనేళ్లయింది. ఒక్కటే మిగిలింది. నీ ముక్కు కోసం ఆగిందేమో చూద్దాం." పెట్టాడు. తల వంచమన్నాడు. వంచింది. ఊపమన్నాడు. ఊపింది. అది కదల్లేదు. మసకలోనే, ముఖం చూసుకోకుండానే, చెల్లెలు అదే కావాలంది. చర్మం చెప్పింది చాలనిపించింది.

నాలుగో రోజు కొత్త జోడుతో ఇంటికి వెళితే అమ్మ మొదట అడిగిన మాట, "అక్కకు చూపించావా?"

చూపించే పని పడలేదు. సాయంత్రం అక్కే వచ్చింది. గుమ్మంలోనే ఆగి చూసింది. దగ్గరికొచ్చి, అడక్కుండా, చెల్లెలి ముఖం మీంచి జోడు తీసి తను పెట్టుకుంది. చెల్లెలికి గదంతా కరిగిపోయింది. ఆ మసకలోంచి అక్క గొంతు వచ్చింది.

"భలే ఉందే. ఎక్కడిది? అందరూ ఆ పెద్ద పెద్దవి పెట్టుకుని గుడ్లగూబల్లా తయారయ్యారు. ఇది వేరుగా ఉంది."

"నీకెందుకే, నీకిప్పుడు నంబరు లేదుగా," అంది అమ్మ.

"జోడు లేకపోతే ముఖం బోసిగా ఉందమ్మా. పార్లరుకొచ్చేవాళ్లు గుర్తుపట్టట్లేదు. ఉత్త గాజు వేయించుకుంటా." తర్వాత ఇటు తిరిగింది. "ఇది నాకిచ్చెయ్యవే చిన్నీ. నీకు ఆ పెద్దవాటిల్లో మంచిది నేను కొనిపెడతాలే."

"అక్క అంతగా అడుగుతోంది, ఇచ్చెయ్," అంది అమ్మ.

చెల్లెలు చెయ్యి చాపింది. ఏమీ కనపడటం లేదు. చాపిన చేతికి ఏం అందుతుందో తెలియదు. "ఇవ్వను," అంది. "ఇలా ఇవ్వు. నాకు కళ్లు కనపడట్లేదు."

కాసేపటికి జోడు ఆమె అరచేతిలో పడింది. పెట్టుకున్నాక మొదట కనిపించింది అక్క ముఖం. ఆ ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. కుర్చీ లేచి మాట్లాడితే ఎవరైనా అలాగే చూస్తారు.

"ఆసుపత్రిలో అందరూ అంటుంటే నేను వెనకేసుకొచ్చేదాన్ని," అంది అక్క, సంచీ తీసుకుంటూ. "నిజమేనన్నమాట. నీకు పొగరే."

అమ్మ వారం రోజులు చెల్లెలితో గోడకు చెప్పినట్టు మాట్లాడింది. "అన్నం చల్లారిపోతోంది," అనేది గోడతో. "తినేవాళ్లు తినొచ్చు."

జోడు మాత్రం జారలేదు. తలనొప్పి పోయింది. కాని కౌంటరులో కూర్చోగానే గడ్డం దానంతట అదే లేచింది. కిటికీ గాజులో చూసుకుని దించింది. మూడో మనిషికి చీటీ రాసేసరికి మళ్లీ లేచి ఉంది. మెడ ఎముకలు ఇన్నేళ్లలో వాటి ఇల్లు అక్కడ కట్టేసుకున్నాయి. దించితే మెడ నొప్పి పుట్టేది. ఇక దించడం మానేసింది.

అక్క ఊరుకునే మనిషి కాదు. పెద్ద దుకాణంలో చెప్పి, అలాంటిదే, తన ముఖానికి సరిపడే కొలతలో తెప్పించుకుంది. గోధుమరంగు, సన్నటి ఈనెల గీతలు, లోపల ఉత్త గాజు. పార్లరులో అద్దాల మధ్య అది రోజంతా మెరిసింది. తల దువ్వించుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కడిదని అడిగారు. రెండు నెలల్లో మందుల దుకాణం ఆవిడ ముఖం మీదికి, బడి పంతులమ్మ ముఖం మీదికి అది వచ్చేసింది. వరసలో నిలబడ్డ ముఖాల మీంచి సాసర్లు ఒక్కొక్కటిగా దిగిపోవడం చెల్లెలు కౌంటరులోంచి చూస్తూనే ఉంది. జీవితంలో ఒక్కసారి ఆమె ఊరికంటే రెండు నెలలు ముందు నడిచింది. ఇంటివాళ్లు కాక ఆ సంగతి చెప్పగలిగింది ముసలాయన ఒక్కడే. ఆయన ఆ ఏటి వానలకు జ్వరపడి దుకాణానికి రావడం మానేశాడు.

ఒక సోమవారం వరస మరీ పొడుగ్గా ఉంది. రెండో వార్డు నర్సు కాగితాల కోసం కౌంటరులోకి వచ్చి, పక్కన నిలబడి, చెల్లెలి ముఖం వంక తల పక్కకు వాల్చి చూసింది. ఆ నర్సు వెళ్లేది అక్క పార్లరుకే.

"అదే అనుకుంటున్నా ఎక్కడో చూశానని," అంది నర్సు. "ఇది మీ అక్కగారి జోడే కదా? ఆవిడ కొత్తది తీసుకుని ఇది మీకు ఇచ్చేశారా?"

కిటికీ అవతల ఒక ముసలివాడు పంటి నొప్పితో చెంప పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక ఒక తల్లి, జ్వరంతో తూలుతున్న పిల్ల. వాళ్ల వెనక వరండా చివరిదాకా మనుషులు. కాదు అని చెప్పవచ్చు. కాదంటే ఎందుకో చెప్పాలి, అది తొమ్మిదో ఏటి దగ్గర మొదలుపెట్టాలి. మొదలుపెడితే నర్సు మధ్యలోనే, చూశావా పొగరు, అనుకుంటుంది. గడ్డం అప్పటికే లేచి ఉంది.

"అవునండీ," అంది చెల్లెలు. "అక్కదే."

ముసలివాడి వైపు తిరిగి, పేరు చెప్పమంది.