రెండు డబ్బాల మీదా యాభై

ఎనభై ఆరు డిసెంబరులో మా మరిది తన మోటారు సైకిలు ఇంజను మళ్ళీ బిగించాడు. జనవరిలో మద్రాసు దగ్గర పందెం. అంతకుముందు ఏడు అదే పందెంలో, మొదటి చుట్టు పూర్తికాకుండానే పిస్టన్ పట్టేసింది. బండి విసిరేస్తే భుజం ఎముక విరిగింది. ఈసారి ఏమవుతుందోనని మా అత్తగారికి అన్నం సయించడం లేదు.

మా ప్రత్తిపాడులో నూనె మంచిచెడ్డలు వేళ్ళతో తేల్చేవాళ్ళు. ఎడ్లబండి ఇరుసుకు పెట్టే ఆముదాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, జిగటగా సాగితే మంచిదనేవాళ్ళు. మా మరిది కూడా అలాగే రుద్ది చూసి, లారీలకు పోసే యాభై నంబరు నూనె తెచ్చుకున్నాడు. మెకానిక్కు ఇచ్చిన ఇంకో డబ్బా మీద 20W-50 అని ఉంది. అది నీళ్ళలా ఉందనీ, వేడికి నిలవదనీ పక్కన పెట్టేశాడు.

నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. రెండింటి మీదా యాభై ఉంటే ఒకటే ఎందుకు పల్చగా ఉందో నాకు అంతుపట్టలేదు. మెకానిక్కును అడిగాను. W ముందున్న అంకె చలిలో పారే తీరుకు, చివరిది మరిగే నీళ్ళంత వేడిలో పారే తీరుకు గుర్తట. అప్పటిదాకా నేనూ పెద్ద అంకె అంటే బలమైన నూనె అనుకున్నాను.

అయినా చూడందే నమ్మలేదు. పాలడబ్బా అడుగున మేకుతో బెజ్జం కొట్టి, పొద్దున్నే చలిలో ఒక్కో నూనె గ్లాసుడు పోసి గడియారం చూశాను. అతని నూనె దిగడానికి నూట తొంభై సెకన్లు, రెండోదానికి నూట పది. మరిగే నీళ్ళలో గిన్నె నిలిపి కాచాక రెండూ పద్నాలుగే.

"పోయినసారి బండి తీసీతీయగానే జోరు పెంచావా?" అని అడిగాను.

"పెంచక? పక్కవాడు పోతుంటే చూస్తూ కూర్చోనా?"

"నీ నూనె పిస్టన్ దాకా చేరకముందే అది రాసుకుపోయి ఉంటుంది."

"అయితే నా వేళ్ళు అబద్ధం చెప్పాయా వదినా?"

"చల్లటి నూనె సంగతి నిజమే చెప్పాయి. కాలే నూనెను ఎవరు రుద్ది చూస్తారయ్యా?"

అతను రెండో డబ్బాయే పోశాడు. నాలుగు నిమిషాలు ఇంజను నెమ్మదిగా తిప్పి, అది వేడెక్కాకే పరుగు తీయిస్తానని మాటిచ్చాడు.

పందెంలో తొమ్మిదోవాడిగా వచ్చాడు. ఇంటికొచ్చి వరండాలోనే ఇంజను విప్పి, పిస్టన్ తుడిచి వాళ్ళమ్మకు చూపించాడు.

"చూడమ్మా, ఒక్క గీత లేదు."

అత్తగారు దాన్ని చూడలేదు. అతని చొక్కా పై గుండీ తీసి, భుజం ఎముకను ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమారు. తరవాత నన్ను అన్నం వడ్డించమన్నారు, ఇద్దరికీ.