రజియా మేడం వేసిన వరుస

తడిసిన సున్నం వాసన వస్తే నాకు ఇప్పటికీ కాలు నిలవదు. ఈ ఏడు ధర్మవరంలో మా బడి మీద మొదటి వాన పడినప్పుడు పాఠం మధ్యలో ఆపేసి గోడ దగ్గరికి పోయాను. చెమ్మ కొంచెమే. అయినా ఆ గంట పాఠం మళ్లీ కుదరలేదు. రజియా మేడం గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో హిందూపురంలోని ఒక మునిసిపల్ బడిలో నాకు తొలి ఉద్యోగం. మేడం మా ప్రధానోపాధ్యాయురాలు. రోజూ పెనుకొండ నుంచి బస్సులో వచ్చేవారు. ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. రిజిస్టరు కూడా నిలబడే రాసేవారు. ఆరో తరగతి గది మిద్దె కారేది, పెచ్చులు రాలేవి. ఏటా అర్జీ పెట్టేవాళ్లం. బడులకని ఉంచిన డబ్బు మాత్రం గట్టిగా మాట్లాడే కౌన్సిలర్ వార్డుకే పోయేది. ఆ ఏడు కౌన్సిల్ పద్ధతి మార్చాలనుకుంది. బడ్జెట్‌కు ముందే, ఏ బడికి మొదట, ఏ బడికి తర్వాత అనే నియమాలు రాసుకోవాలని తీర్మానించి, వాటిని సూచించమని మేడంను అడిగింది. ఇంకేముంది, మా మిద్దె బాగుపడినట్టేనని స్టాఫ్ రూంలో అందరం సంబరపడ్డాం.

మేడం మాత్రం నన్ను వెంటబెట్టుకుని ఊళ్లోని మునిసిపల్ బడులన్నీ కాలినడకన తిరిగారు. సంత దగ్గరి బడిలో ఆడపిల్లల వరుస సగం ఖాళీ. ఏడో తరగతి పిల్ల ఒకతి, తన అక్క బడి మానేసిందని చెప్పింది.

"ఎందుకు మానేసిందమ్మా?"

"ఈడ దొడ్డి లేదు మేడం. అక్క పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉంటాండె. కడుపునొప్పి వస్తాందని మా అమ్మ మాన్పించె."

అక్కణ్ణుంచి మేడం వేగంగా బయల్దేరారు. ఆమె నడక అందుకోవడానికి నేను దాదాపు పరుగెత్తాల్సి వచ్చింది.

కౌన్సిల్ సమావేశానికి నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మేడం చదివారు: మొదట, మరుగుదొడ్డీ నీళ్లూ లేక ఆడపిల్లలు మానేస్తున్న బడులు, తర్వాత మిద్దెలు. మా వార్డు కౌన్సిలర్ లేచాడు.

"మేడం, మీ మిద్దె కారుతాండాది కదా. ముందు దాన్ని రాసుకోండి, ఎవురూ కాదనరు."

"మా బడి పేరు రాసుకునేదానికైతే నన్నెందుకు పిలిచినారప్పా?"

కాసేపు గుసగుసలు. తర్వాత ఒక్కొక్క చెయ్యీ లేచింది. డబ్బు మొదటి వరుసతోనే అయిపోయింది. మా బడి మిగిలిపోయింది.

బస్టాండులో నేను ఆగలేకపోయాను. "పెచ్చు ఊడి పిల్లల నెత్తిన పడితే ఎవరు మేడం జవాబు చెప్పేది?"

"నేనే చెప్పాల."

"చెప్తే సరిపోతుందా?"

పెనుకొండ బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు. తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

మరుసటి రోజే ఆరో తరగతిని తన గదిలోకి మార్చి, తన బల్ల వరండాలో వేయించుకున్నారు. ఆ వానాకాలంలో ఒక ఉదయం ఖాళీ గదిలో పెద్ద పెచ్చు పడి ముందు బెంచీ రెండుగా విరిగింది. మేడం గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు.

"నువ్వు అన్నదాంట్లో తప్పు లేదప్పా. నేను చేసింది సరో కాదో నాకే తెలీదు. గది ఖాళీ చేసినాం కాబట్టి బతికిపోయినాం."

అప్పటిదాకా ఆమెకు అన్నీ తెలుసనుకుని కోపం పెంచుకున్నాను. తెలియకుండానే అంత బరువు ఎత్తుకున్నారని ఆ రోజు అర్థమైంది.

సంత బడిలో మరుగుదొడ్లు కట్టాక, "పోయి చూసిరాప్పా. నాకు ధైర్యం చాలడం లేదు" అని నన్ను పంపారు. ఆనాటి ఏడో తరగతి పిల్ల కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగుతోంది. "మా అక్క మళ్లీ రాలేదు సార్. నేను మాత్రం రోజూ వస్తాండా" అంది. ఆ మాటే మేడంకు చెప్పాను. ఆమె తల ఊపి, వరండాలో ఆ చివరికి నడిచి, తిరిగి వచ్చారు.

మా మిద్దె బాగయ్యేసరికి ఆమె రిటైరయ్యారు. ఆ కబురు చెప్పడానికి సంతోషంగా పెనుకొండ వెళ్లాను.

"మంచిదప్పా. ఇంకా ఏ బడులు మిగిలిపోయినాయి?"

నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

ఆమె పోయి కొన్నేళ్లయింది. ధర్మవరంలో బడుల డబ్బు పంచే సమావేశాలకు నన్నూ పిలుస్తుంటారు. జాబితా ఖాయమై అందరూ కుర్చీలు జరుపుతుంటే నేను లేస్తాను. ఈ ఏడు ఏమీ దక్కని బడుల పేర్లు ఒక్కసారి చదవమంటాను. "మళ్లీ మొదలుపెట్టినావా సారూ" అని ఎవరో ఒకరు విసుక్కుంటారు. చాలాసార్లు ఆ పేర్లు రాసిన కాగితం ఎవరి దగ్గరా ఉండదు. అప్పుడు నేనే, గుర్తున్నంత వరకు, నిలబడి చదువుతాను.