బండమీది గ్లాసు

మాదాపూర్‌లో గోవిందప్పకు ప్రత్యేకంగా ఒక గ్లాసు ఉండేది. అది మర్యాద కాదు. లింగమూర్తి టీ కొట్టు పక్కనున్న పెద్ద బండమీద, మిగతా గ్లాసులకు దూరంగా, ఎండకూ దుమ్ముకూ వదిలేసిన స్టీలు గ్లాసు. దాన్ని గోవిందప్పే తీసుకోవాలి, గోవిందప్పే కడుక్కోవాలి, చేయి చాచి పట్టుకోవాలి. లింగమూర్తి టీ గిన్నె దానికి తగలకుండా ఎత్తునుంచి పోసేవాడు. మిగతా గ్లాసులన్నీ ఒకే బకెట్ నీళ్లలో మునిగి లేచేవి. కులం పేరిట గ్లాసు వేరుచేస్తే అది నేరం, దానికి శిక్ష ఉంది. రోగం పేరిట వేరుచేస్తే దాన్ని నేరమనే చట్టం లేదు. చట్టం పేరు పెట్టని అవమానాన్ని మనిషి ఒంటరిగానే మోయవలసివస్తుంది.

గోవిందప్పది కదిరి వైపు. వయసులో బోరుబండి మీద పనిచేశాడు. పైపు జారిపడి ఎడమకాలు నుజ్జయినప్పుడు ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. ప్రాణం నిలిపిన ఆ రక్తంలోనే హెపటైటిస్ సి అనే క్రిమి ఉంది. ఆనాటికి దానికి పేరే లేదు కనుక ఆనాటి వైద్యులను తప్పుపట్టలేం. కానీ పేరూ, పరీక్షా రెండూ వచ్చి ఏళ్లు గడిచినా, ఈ కథ జరిగిన 1999లో కూడా ప్రతి రక్తపు సీసాకూ ఆ పరీక్ష జరిపి తీరాలన్న నిబంధన ఈ దేశంలో లేదు. దీనికి మాత్రం క్షమ లేదు.

కాలు పోయినందుకు వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూత్ వచ్చింది. సైబర్ టవర్స్ కడుతున్నప్పుడు మేస్త్రీలు, కట్టాక మెడలో కార్డులు వేసుకున్న కుర్రవాళ్లు వరుసలో నిలబడేవారు. అద్దాల గదిలో వాళ్లు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే, గోవిందప్ప బయట కూర్చుని మీటరు చూసేవాడు. పెళ్లి కాలేదు. అంత పెద్ద ఫోను చేతికింద ఉన్నా, తనకోసం తిప్పుకోవలసిన నంబరు అతనికి ఒక్కటీ లేదు.

ఒక ఉదయం బూత్ మెట్లమీద రక్తం కక్కుకున్నాడు. ట్రస్టు ఆసుపత్రిలో డాక్టర్ తేజస్విని పరీక్షలు చేసి, కాలేయం గట్టిపడిపోయిందని, మరొకరి కాలేయం అమర్చడం తప్ప దారి లేదని చెప్పింది. అక్కడ ఈ శస్త్రచికిత్సలు అప్పుడే మొదలవుతున్నాయి, ఖర్చు ట్రస్టుదే. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కుటుంబం ఒప్పుకున్నప్పుడు కబురు పెడతామని, ఫోను ఖాళీగా ఉంచుకోమని ఆమె హెచ్చరించింది.

ఏమైందని అడిగినవాడు లింగమూర్తి ఒక్కడే. అందుకే గోవిందప్ప రోగం పేరు అతనికి చెప్పాడు. లింగమూర్తి దాన్ని తన గిరాకీకి చెప్పాడు. ఆ క్రిమి గ్లాసుల ద్వారా అంటదని చెప్పేవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. బండమీదికి వేరే గ్లాసు వచ్చింది అప్పుడే. మొదట కుర్రవాళ్లు రిసీవర్‌ను చేతిరుమాలుతో పట్టుకున్నారు, తర్వాత పక్క సందులోని బూత్‌కు మారారు. ఫోను ఖాళీగా ఉంచమని డాక్టరు చెప్పింది. ఆ పనిని వీధే చేసిపెట్టింది.

వానాకాలంలో ఆ ఫోను మోగింది. లింగమూర్తి కొట్టు మూసి, అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు.

దొరికిన కాలేయం కూడా అదే క్రిమి ఉన్న మనిషిదని తేజస్విని ముందే చెప్పింది.

"రోగం పోయేదానికి రోగముండేదే పెడతారామ్మా?" అన్నాడు గోవిందప్ప.

"మీ రక్తంలో ఆ క్రిమి ఎలాగూ ఉందండి. ఏ కాలేయం పెట్టినా దాన్ని పట్టుకుంటుంది. ఇది మాత్రం ఇంకా గట్టిపడలేదు, ముక్క తీసి చూశాం. క్రిమి లేనివాళ్లకు దీన్ని పెట్టలేం. మీకు పెట్టొచ్చు. వద్దంటే ఇంకోటి ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

గోవిందప్ప ఒప్పుకున్నాడు. భయం పోయి కాదు. ఈ ఊళ్లో తనవంటి మనిషి మరొకడు ఉండేవాడని అతనికి మొదటిసారి తెలిసింది. సాక్షి సంతకానికి బంధువులెవరూ లేకపోతే లింగమూర్తే పెట్టాడు.

"నా గ్లాసు తాకవు గానీ, నా కాగితం తాకినావే లింగన్నా."

"సంతకం నాది. గ్లాసు గిరాకీది," అన్నాడు లింగమూర్తి తలెత్తకుండా.

ఏ గ్లాసని డాక్టరు అడిగింది. గోవిందప్ప బండ సంగతి చెప్పి, తను అడగదలచింది అడిగాడు. "ఆ మనిషికీ గ్లాసు వేరే పెట్టినారామ్మా?"

పేరు చెప్పడానికి వీల్లేదని ఆమె అంది. అయినా ఇంతమాత్రం చెప్పింది. "ఆయనకి రోగం ఉన్నట్టే తెలియదండి. మేం ఇక్కడ పరీక్ష చేశాకే బయటపడింది. అందరితోపాటే తిన్నాడు, అందరి గ్లాసుల్లోనే తాగాడు."

లింగమూర్తి కలం మూత పెట్టడం మరిచిపోయి నిలబడ్డాడు. గోవిందప్ప గోడవైపు తిరిగాడు. ఇద్దరి రక్తంలో ఉన్నది ఒకటే. ఒకడికి సంగతి తెలియలేదు కాబట్టి లోకం అతనితో ఉంది. రెండోవాడు నిజం చెప్పాడు కాబట్టి లోకం అతన్ని వదిలేసింది. దొరికాడనుకున్న తోడు కూడా, దొరికిన నిమిషంలోనే, తనవంటివాడు కాకుండా పోయాడు.

శస్త్రచికిత్స నిలబడింది. క్రిమి లోపలే ఉంటుందని, చూసుకుంటూ ఉండాలని తేజస్విని చెప్పింది. కొత్త కాలేయాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందులు రోగాన్ని ఆపే శక్తిని తగ్గిస్తాయి కనుక, బయట ఏదీ తాగకూడదని, తన గ్లాసు తనకే ఉండాలని కూడా చెప్పింది. గోవిందప్ప నవ్వితే కుట్లు నొచ్చాయి.

చలికాలంలో బూత్ తెరిచాడు. టీ కొట్టు దగ్గరికి పోతే బండమీద గ్లాసు లేదు. బల్లమీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. లింగమూర్తి బకెట్లోంచి ఒక గ్లాసు తీశాడు. దాన్ని ఇంకోసారి ముంచాడు, అందరూ చూస్తుండగా టీ పోసి చేతికిచ్చాడు.

"ఇగ గిట్లనే తాగు గోవిందన్నా. గిరాకీ పోతే పోనియ్యి. జర జరుగుర్రి, అన్న కూసుంటడు."

వాళ్లు జరిగారు. ఒకడు లేచిపోయాడు, మిగతావాళ్లు ఉన్నారు.

గోవిందప్ప వాళ్ల నడుమ కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతుల మధ్య వెచ్చగా ఉంది. ఎందుకు తాగకూడదో చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే లింగమూర్తి మళ్లీ ఆ స్టీలు గ్లాసు వెతుకుతాడు, ఈసారి ప్రేమతో.

"సల్లారుతున్నదన్నా, తాగు," అన్నాడు లింగమూర్తి.

"ఆరనీలే, తొందరేముండాది," అన్నాడు గోవిందప్ప.

కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే తాగి ఆఫీసులకు పోయారు. లింగమూర్తి స్టవ్‌కు గాలికొట్టడానికి అటు తిరిగినప్పుడు, గోవిందప్ప టీని బండ మొదట్లో పోసి, ఖాళీ గ్లాసును మిగతావాటితోపాటు బకెట్ పక్కన పెట్టాడు. మరునాడు కూడా వచ్చి, అదే బల్లమీద, టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.