బొట్టు కింది అక్షరాలు

చిన్నోడా, నీకోసం గంజి వడగడుతుంటే ఫోను మోగిందిరా. దవాఖానలో నీ దగ్గరున్న మీ మేనమామ. "అక్కా, గంజి వద్దు. వట్టిగనే రా," అన్నాడు. ఎందుకు వద్దన్నాడో అర్థమయ్యేసరికి గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది.

కామెర్లు ముదిరి నా కొడుకు పోయాడు. పెద్దగా చదువుకోలేదు నేను, మాట్లాడినట్టే రాస్తున్నాను. వాడిని తలచుకుంటే ముందుగా మా ఇంటి తుపాకి గుర్తొస్తుంది.

అది ఫౌజు తుపాకి. మా మామగారు ఫౌజులో పనిచేసి వచ్చేటప్పుడు తెచ్చుకున్నాడట. కల్లం మీదికి దొంగలు గుంపుగా వస్తే ఆయన దాన్ని ఎత్తి నిలబడ్డాడని, ఒక్క గింజ ముట్టకుండా అందరూ ఉరికారని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. ప్రతి దసరాకు దాన్ని గోడ మీంచి దించి బొట్లు పెట్టేవాళ్లం. మా అత్త పెట్టిన చోటే నేనూ పెట్టాను. బొట్టు మీద బొట్టు పేరుకుని ఇనుము మీద అట్ట కట్టింది.

ఆ తుపాకి ఎక్కడిదో తెలుసుకోవాలని నా కొడుక్కి పట్టుదల. ఒకసారి దసరా ముందు వాకిట్లో గోనెసంచి పరుచుకుని, కొబ్బరినూనె గుడ్డతో కూర్చున్నాడు.

"దేవుని బొట్టు గీకుతున్నవేందిరా?"

"దేవునికేం గాదమ్మా, కింద ఏం రాసుందో సూస్త."

ముందు కిరీటం బొమ్మ తేలింది. తెల్లోళ్ల రాజు గుర్తు అన్నాడు. తుపాకి ఒంటి మీద ఒక నంబరు, తూటాను లోపలికి తోసే బోల్టు మీద ఇంకో నంబరు. "రెండు తుపాకుల ముక్కలు కలిపి ఒకటి జేసిన్రమ్మా." అన్నం చల్లారుతోందని నేను లోపలినుంచి అరుస్తూనే ఉన్నాను. "తింటనమ్మా, గీ ఒక్క అక్షరం." వాడికి ఎప్పుడూ గీ ఒక్క అక్షరమే.

చివరి బొట్టు కింద డి, పి అని రెండు ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. చూసి, భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకుని నవ్వాడు. కాలేజీలో వాడు కవాతు నేర్చుకున్న తుపాకుల మీద కూడా అవే ఉండేవట.

"కవాతు తుపాకమ్మా ఇది. పేలదు. గీ ముద్ర ఫౌజులనే కొడ్తరు. అంటే మనింటికి రాకముందు నుంచే పేలదు."

"మరి మీ తాత?"

వాడి నవ్వు ఆగింది. "పేలదని తెల్వక నిలబడ్డడో, తెలిసే నిలబడ్డడో. తెలిసే అయితే మాత్రం మొనగాడమ్మా."

ఈసారి ఇద్దరం నవ్వాం. లోపల మంచంలోంచి మా ఆయన, "ఏందిరా, తల్లీకొడుకులు గట్ల నవ్వుతున్నరు?" అన్నాడు.

"ఏం లేదు బాపు, తుప్పు పోతలేదు."

కుంకుమ తడిపి, ఆ అక్షరాల మీద వేలితో మళ్లీ మందంగా బొట్టు పెట్టాడు. "బాపుకు చెప్పకే," అన్నాడు మెల్లగా.

మా ఆయన ఆ కథ చెప్పుకుంటూనే కన్నుమూశాడు. ఆయన చెప్పినప్పుడల్లా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు, చూస్తే నవ్వు ఆగదని. ఇప్పుడు బయటికి చెప్పినా నొచ్చుకునే మనిషి లేడు. కలిసి నవ్వే మనిషీ లేడు.

లైసెన్సు కొడుకు పేరున ఉండేది. వాడు పోయాక తుపాకిని ఠాణాలో అప్పగించమన్నారు. పాత దుప్పటిలో చుట్టుకుని నేనూ మా తమ్ముడూ వెళ్లాం. జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి, "పేలుతదా అవ్వా?" అని అడిగాడు.

"పేలుతది సారూ, జర పైలం," అన్నాను. నా నోట అదే వచ్చింది.

మా తమ్ముడు ఛాతీ విరిచి, "మా అక్క మామ దీంతోనే దొంగలను ఉరికిచ్చిండు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కొడుకు మొహం కనబడకూడదని అలవాటుగా తల తిప్పుకున్నాను. తిప్పుకోవాల్సిన పని లేదని ఆ తర్వాత తెలిసింది.

తుపాకిని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. వాడి వేలు పెట్టిన బొట్టు దాని మీదే ఉండిపోయింది.

ఇంట్లో గోడ మీద తుపాకి వేలాడినంత మేర సున్నం తెల్లగా ఉంది. దాని కిందే కూర్చుని తింటున్నాను. ఈ పొద్దు కూడా రెండు కంచాలు దించి, ఒకటి మళ్లీ బోర్లించాను.

మిమ్మల్ని ఇంట్లో అన్నానికి పిలిస్తే, ఆ ఒక్క అక్షరం తర్వాత చూసుకోండి. వేడిగా ఉన్నప్పుడే కడుపునిండా తినండి.