మామకు తెరవని తలుపు

ఆ రోజుల్లో నన్ను మించిన ముందుచూపు గలవాడు తాండూరులో లేడని నా గట్టి నమ్మకం. లాక్‌డౌన్‌లో కాలేజీ మూసేస్తే మేనత్త ఇంట్లో చిక్కుబడి, రోజంతా ఫోన్‌లో ఒకటే ఆట ఆడేవాణ్ణి. అందులో లోకం అంతమైపోయి ఉంటుంది. మిగిలిన కొద్దిమందీ ఒకరి తిండి ఒకరు లాక్కుని బతుకుతుంటారు. దాహమని వచ్చినవాడికి తలుపు తీశామా, మన పని ఖతం. (రెండుసార్లు తీసి చచ్చాను కాబట్టి చెబుతున్నాను.) బయట ఊరూ అలాగే ఉండేది. ఎప్పుడూ రొద పెట్టే నాపరాళ్ల పాలిషింగ్ మిషన్లు మూగబోయాయి. మిట్టమధ్యాహ్నం గల్లీలో తెల్లటి రాతిదుమ్ము, దాని మీద కుక్కల అడుగులు తప్ప మనిషి జాడ లేదు. నాకు నిజంగానే భయం వేసేది. వికారాబాద్‌కు పనికి పోయిన మామ బస్సుల్లేక అక్కడే చిక్కుకున్నాడు. రెండు రోజులుగా ఆయన ఫోన్ కలవడం లేదని అత్త అన్నం సరిగ్గా తినడం లేదు. నేనేమో బిస్కెట్లు మంచం కింద దాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం అత్త మేడ మీద మిరపకాయలు ఎండబెడుతుంటే తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. మా గల్లీలో తలుపు తట్టేవాళ్లుండరు, బయటి నుంచే పేరు పెట్టి కేకేస్తారు. కిటికీ సందులోంచి చూశాను. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా, కళ్లు తప్ప ముఖమంతా గుడ్డ కట్టుకుని, ఒక ఆకారం కదలకుండా నిలబడి ఉంది.

"ఎవరు?" అన్నాను.

"నీళ్లు..." అంది బొంగురు గొంతు.

అచ్చం ఆటలో మాటే! గడియ బిగించి, బియ్యం బస్తా అడ్డం లాగి, దానికి వీపు ఆనించి కూర్చున్నాను. గోళ్లు తలుపును గీరుతూ కిందికి జారాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. గెలిచాననుకున్నాను, సిగ్గులేకుండా.

అంతలో మేడ మీంచి తొంగిచూసిన అత్త, గడప దగ్గర పడి ఉన్న మామ చేతిసంచిని గుర్తుపట్టి కేక పెట్టింది. "ఓరి అల్లుడా, మీ మామరా! ఇంటాయన్నే ఇంట్లకు రానియ్యవా? తలుపు తియ్!"

వికారాబాద్ నుంచి పట్టాల వెంట నడిచొచ్చిన మామ గడప దగ్గర సొమ్మసిల్లి ఉన్నాడు. ఊరి బయట రాతిపొడి కుప్ప నీడన కాసేపు పడుకున్నాడట, అందుకే ఆ తెలుపు. రెండు చెంబుల నీళ్లు తాగాక తేరుకున్నాడు. నేను ఏడుస్తూ ఆట సంగతంతా చెప్పాను. తిడతాడనుకుంటే, శ్రద్ధగా విన్నాడు.

"గా ఆటల ఆఖరికి ఎంతమంది మిగులుతరు?"

"ఒక్కడే, మామా."

"మిగిలి ఏం జేస్తడు?"

ఆట అక్కడితో అయిపోయేది మరి.

మొన్న ఆ ఆటనే సిరీస్‌గా తీశారని చూస్తున్నాను. అందులో ఎవరో తలుపు తట్టారు. నాకు తెలియకుండానే లేచివెళ్లి మా ఇంటి తలుపు బార్లా తెరిచాను.

"ఎవరొచ్చిండ్రు?" అంది మా ఆవిడ లోపలి నుంచి.

"ఎవరూ లేరు" అన్నాను నవ్వుతూ. అయినా వెంటనే మూయబుద్ధి కాలేదు.