ఆకు కదలని రోజు

నేను పనిచేసే కాలేజీ గ్రంథాలయానికి నిన్న రెండు కట్టల పాత పుస్తకాలు వచ్చాయి. ఎక్కడో కిందిగదిలో వాననీటికి తడిస్తే ఎండలో ఆరబెట్టి పంపారట. తాడు విప్పగానే ఒండ్రు వాసన వచ్చింది. అట్టల మూలల్లో బూడిదరంగు మట్టి పొలుసులుగా లేచి ఉంది. వాటికి నంబర్లు వేసి బీరువాలో సర్దడం నా పని. చేతకాలేదు. మంచినీళ్లు తాగి వస్తానని చెప్పి వరండాలోకి వెళ్లి, గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇంటికి వచ్చాక రాజ్యం పిన్నిగారి గురించి రాద్దామని కూర్చున్నాను. ఆవిడ ఎలాంటి మనిషో చెప్పకుండా ఆ ఒక్కరోజు సంగతి మాత్రం చెబితే ఆవిడకు అన్యాయం చేసినట్టవుతుంది. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

అప్పట్లో మేము ఉత్తర ఢిల్లీలో, యమున కట్టకు చాలా ఇవతల, ఒక పల్లపు కాలనీలో అద్దెకు ఉండేవాళ్లం. మా ఇంటి నుంచి నది కనబడేది కూడా కాదు. నాన్న కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆర్.కె. పురంలో క్వార్టరు కోసం పేరు రాయించుకుని ఏళ్లు గడిచిపోయాయి. కింది వాటాలో నాన్న, అమ్మ, నేను, పక్షవాతంతో మంచం పట్టిన నాయనమ్మ. మేడమీది గదిలో రాజ్యం పిన్నిగారు ఒక్కరే ఉండేవారు. భర్త పోయాక ఆయన ఆఫీసులోనే ఆవిడకు టెలిఫోను బోర్డు మీద ఉద్యోగం ఇచ్చారు. మాకు చుట్టమేమీ కాదు. మొదటిసారి కనబడినప్పుడు నేను "నమస్తే ఆంటీ" అన్నాను. ఆవిడ మెట్ల మీదే ఆగిపోయారు.

"ఆంటీ ఏమిటే నీ మొహం! నీకూ నాకూ మధ్యన ఇంగ్లీషువాడెందుకు? పిన్నీ అను."

ఆ రోజు నేను ఏమీ అనలేదు. బడిలో నన్ను గూంగీ అని పిలిచేవాళ్లు. మూగదాన్ని కాదు గానీ, నోట్లో మాట కూర్చుకునేలోపల ఎదుటివాళ్లే నా వాక్యం పూర్తిచేసి వెళ్లిపోయేవాళ్లు. పిన్నిగారు మాత్రం అలా చేయలేదు. ఒకనాడు ఆఫీసు నుంచి పొడుగాటి నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "రోజుకో పేజీ రాయి, తెలుగులో. సాయంత్రం పైకొచ్చి నాకు చదివి వినిపించు. తప్పులుంటే ఉండనీ," అన్నారు. నేను వెళ్లి కూర్చుని, పేజీ తెరిచి, గొంతు పెగలక అలాగే ఉండిపోయేదాన్ని. ఆవిడ వంకాయలు తరుక్కుంటూ ఉండేవారు. తలెత్తేవారు కాదు. "కానీ" అని కూడా అనేవారు కాదు. అంత ఓపిక ఎలా వచ్చిందని ఒకసారి అమ్మ అడిగితే నవ్వారు.

"బోర్డు మీద రోజంతా నా పని అదేగా వదినగారూ. లైను కలిపి ఊరుకోవడం. మధ్యలో నేను మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది."

నా గొంతు నేను మొదటిసారి పూర్తిగా విన్నది ఆ మేడగదిలోనే. ఏడాది తిరిగేసరికి పేజీ మొత్తం ఆగకుండా చదవగలిగాను. కానీ అది ఆవిడ ఒక్కరి ముందే. మెట్లు దిగితే మళ్లీ మామూలే.

డెబ్భై ఏడు కార్తీకంలో కృష్ణా జిల్లాలో ఉప్పెన వచ్చింది. పిన్నిగారి అక్క కుటుంబం ఉన్న ఊరు సముద్రానికి కొన్ని మైళ్లు లోపలికి ఉంటుంది. ఊరు ఖాళీ చేయమని చెబితే, మెరక మీది డాబా ఇంటికి తాళం వేసి, ఎడ్లబండి కట్టుకుని పెద్ద ఊరికి బయలుదేరారట. నీళ్లు వాళ్లను దారిలో అందుకున్నాయి. పిన్నిగారు సెలవు పెట్టి వెళ్లి, పదిహేను రోజుల తరవాత తిరిగి వచ్చారు. ఎవరు పలకరించినా ఒకటే మాట చెప్పేవారు.

"ఇల్లు నిక్షేపంగా ఉంది. దేవుడి గూట్లో ప్రమిద పెట్టినచోట పెట్టినట్టే ఉంది. మనుషులే లేరు. గడప దాటకపోతే బతికి ఉండేవాళ్లు."

ఆ తరవాత మా వీధిలో ఏ గాలివాన వచ్చినా ఆవిడ మాటే మాట. తలుపులు ఎటువైపువి మూయాలో, ఎటువైపు కిటికీ ఒకటి ఓరగా తెరిచి ఉంచాలో, బిందెల్లో ఎన్నాళ్లకు సరిపడా నీళ్లు పట్టుకోవాలో చెప్పేవారు. వాకిట్లో నిలబడి గాలి తిరిగిందో లేదో చూసేవారు. గాలి తిరిగితే గండం గడిచినట్టే అనేవారు. ఢిల్లీ ధూళి తుఫానులకు అది సరిగ్గానే సరిపోయేది. ఆవిడ మాట మేమందరం నమ్మడానికి అదీ ఒక కారణం.

మరుసటి సెప్టెంబరులో వానలు కురిసి కురిసి ఆగాయి. ఎండ కాసింది. పేపర్లో మాత్రం రెండు రోజులుగా యమున గురించే వార్తలు. ఎగువన హర్యానాలో నీళ్లు వదిలారని, అవి ఢిల్లీకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని వేశారు. నేను ఆ ముక్క కత్తిరించి నోటుబుక్కులో అంటించుకున్నాను. కింద నా మాటల్లో రాసుకున్నాను: "ఇది ఉప్పెన లాంటిది కాదు. ఇక్కడ గాలి, వాన లేకపోయినా నీళ్లు వస్తాయి. వచ్చినవి తొందరగా పోవు. కట్ట తెగితే మా ఇల్లు పల్లంలో ఉంది." ఆ సాయంత్రం పిన్నిగారికి డ్యూటీ పడింది. పేజీ చదవడం కుదరలేదు.

మర్నాడు పొద్దున్న పోలీసు జీపు వీధిలో మైకు పెట్టి తిరిగింది. ఇళ్లు ఖాళీ చేయమని, పెద్దరోడ్డు మీద ట్రక్కులు ఉన్నాయని చెప్పింది. ఎదురింటి చోప్రాగారు అప్పటికే టెంపోలో సామాను ఎక్కించారు. దేశ విభజనలో ఒకసారి ఇల్లు వదిలి వచ్చిన మనిషి. ఆయనకు అట్టే సమయం పట్టలేదు. మా గుమ్మం ముందు టెంపో ఆపి, ఇంజను ఆపకుండానే దిగి వచ్చారు.

"భాయీసాబ్, మాతాజీని మంచంతో సహా ఎక్కించేద్దాం. కరోల్ బాగ్‌లో మా బావమరిది ఇంట్లో జాగా ఉంది. చలియే, జల్దీ!"

నాన్న నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్లి, మళ్లీ గుమ్మంలోకి వచ్చారు. ఆవిడను కదిలించవద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు. కదిలిస్తే దారిలో ఏమవుతుందో, కదిలించకపోతే ఇక్కడ ఏమవుతుందో ఆయనకు తోచలేదు. మెట్ల వైపు తలెత్తి పిలిచారు. పిన్నిగారు దిగి వచ్చి, ముందుగా వీధి చివరి వేపచెట్టు వైపు చూశారు. తరవాత నాన్న వైపు తిరిగారు.

"సూర్యంగారూ, ఆ చెట్టు చూడండి. ఆకు కదులుతోందా? ఆకాశంలో మబ్బుతునకైనా ఉందా? గాలి లేకుండా ముంపేమిటండీ! వచ్చినా ఒక పూట. పెద్దావిడను నా గదిలోకి చేర్చండి. రోడ్డు మీదికి మాత్రం తీసుకుపోకండి. మా అక్కావాళ్లు చేసిన పని మీరు చెయ్యకండి."

"ఆవిడ కళ్లారా చూసిన మనిషి. ఆవిడ మాట వినండి," అంది అమ్మ.

చోప్రాగారు చేతులు జోడించారు. "బెహన్‌జీ, పోలీసులు ఊరికే చెబుతారా?"

"చోప్రాగారూ, మీరు సముద్రం మొహం ఎప్పుడైనా చూశారా?"

ఆయన నవ్వేశారు. "నహీ జీ. హమారే ముల్క్ మే తో సిర్ఫ్ దరియా థే." మా దేశంలో నదులే ఉండేవి అన్నారు. ఆ మాట పట్టుకోవలసినవాళ్లెవరూ పట్టుకోలేదు.

నేను తలుపు పక్కన నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. పిన్నిగారు నన్ను చూశారు. అంత హడావుడిలోనూ చూశారు.

"ఏమే, పుస్తకం గుండెకు హత్తుకుని నిలబడ్డావు? ఏమైనా చెప్పాలా?"

అందరూ నావైపు తిరిగారు. నాన్న, అమ్మ, చోప్రాగారు. టెంపో కుదుపుకు అందులోని గిన్నెలు గలగలమంటున్నాయి. పిన్నిగారు ఎప్పటిలాగే ఆగారు. నా బదులు ఎవరూ మాట్లాడకుండా చేయి కూడా అడ్డం పెట్టారు. పేజీ నా చేతిలోనే ఉంది. చదివితే చాలు. పెద్దవాళ్ల మధ్య, అందులోనూ ఆవిడ మాటకు ఎదురుగా, అది ఎలా చదవాలో నాకు తెలియలేదు.

"ఏం లేదు పిన్నిగారూ," అన్నాను.

టెంపో వెళ్లిపోయింది.

నీళ్లు ఆ మధ్యాహ్నమే వచ్చాయి. అల లేదు, చప్పుడు లేదు. ముందు స్నానాలగది తూములోంచి పైకి తన్నాయి. తరవాత వీధి కాలువ పొంగింది. పైన ఎండ కాస్తూనే ఉంది. నాయనమ్మను తలుపు చెక్క మీద పడుకోబెట్టి మేడమీదికి మోశాం. చీకటి పడేలోగా కింద కిటికీలు మునిగాయి. "తెల్లారేసరికి వరద తీస్తుంది" అన్నారు పిన్నిగారు. తెల్లారింది. తీయలేదు. రెండో పొద్దున కూడా అదే మాట అన్నారు, కాస్త నెమ్మదిగా. బిందెల్లో నీళ్లు ఒక పూట గండానికి పట్టినవి. అవి అయిపోవస్తున్నాయి. చుట్టూ మురుగు వాసన. నాయనమ్మకు జ్వరం వచ్చింది. డాక్టరు లేడు, మందు లేదు. దూరంగా పడవలు కనబడితే నాన్న తువ్వాలు ఊపుతూ అరిచేవారు. అవి వేరే వీధుల్లోకి తిరిగిపోయేవి. మూడో రోజు పొద్దున్న తడిగుడ్డతో నాయనమ్మ పెదవులు తడుపుతున్నాను. ఆవిడ ఊపిరి ఎప్పుడు ఆగిందో నాకు వెంటనే తెలియలేదు. కాసేపు తడుపుతూనే ఉన్నాను.

సైన్యం పడవ మధ్యాహ్నానికి వచ్చింది. నాన్న ఏడుపు విని అందులోని జవాను ఒకడు తెలుగులోనే పలకరించాడు. శ్రీకాకుళం వైపు కుర్రాడు. నాయనమ్మను అతనే ఎత్తి పడవలో పడుకోబెట్టి, దుప్పటి సరిచేశాడు.

"ఆ రోజు పొద్దున్న ట్రక్కులెట్టి అందర్నీ తోలుకుపోనాం గదండీ. మీరెందుకుండిపోనారండీ?"

నాన్న నాయనమ్మ పాదాల దగ్గర కూర్చున్నారు.

"నేను ఆపాను నాయనా," అన్నారు పిన్నిగారు.

ఆ చలికాలంలో మాకు ఆర్.కె. పురంలో క్వార్టరు వచ్చింది. నాన్న ఆవిడను ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ, "ఆ మేడమీదావిడ మాట విని మా అత్తగారిని చంపుకున్నాం" అని చెప్పేది. నేను కాఫీ గ్లాసులు అందిస్తూ వినేదాన్ని.

పిన్నిగారు ఆఫీసుకు దగ్గరలో ఒక గదిలోకి మారారు. ఆదివారాలు బస్సెక్కి వెళ్లేదాన్ని. టీ ఇచ్చేవారు, అన్నం పెట్టేవారు. ఇవాళ ఏం రాశావని మాత్రం అడగలేదు. ఎవరికీ ఏ సలహా ఇవ్వలేదు. ఒకసారి తిరిగి వెళ్లడానికి ఏ బస్సయితే త్వరగా వెళుతుందని అడిగాను. "నన్నడక్కే. కండక్టరునడుగు," అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

నాలుగేళ్లు గడిచాక, బి.ఏ. చివరి సంవత్సరంలో, ఆ నోటుబుక్కు తీసుకుని వెళ్లాను. ఏమీ చెప్పకుండా ఆ పేజీ మొదటినుంచి చివరిదాకా చదివాను. గొంతు వణకలేదు. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"తేదీ చదువు."

చదివాను.

"అంటే ముందురోజే."

"అవును పిన్నిగారూ."

ఇంకా ఏదైనా చెబుతానేమోనని ఆవిడ చాలాసేపు ఆగారు. నేను పుస్తకం మూశాను. చివరికి, "నేను అడిగాను కదే," అన్నారు. కోపంగా కాదు, గుర్తుచేసుకుంటున్నట్టు. అంతే. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. లేచి స్టవ్ మీద పాలు దించారు. ఉద్యోగం మానేసి తమ్ముడి ఊరికి వెళ్లిపోతున్నప్పుడు కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. పోయిన ఏడాది ఆ తమ్ముడి దగ్గర నుంచి కార్డు వచ్చింది. పిన్నిగారు పోయారని, రెండు వాక్యాలు.

ఇప్పుడు నేను నలుగురిలో మాట్లాడగలను. గ్రంథాలయంలో ఏదైనా తప్పు జరుగుతుంటే ఎంత పెద్దవాళ్లనైనా ఆపి చెబుతాను. నోరున్న పిల్ల అని పేరు కూడా వచ్చింది. అది ఆవిడ నేర్పిన విద్య. ఆవిడకు మాత్రం అది అక్కరకు రాలేదు.

ఇది రాస్తుండగా ముందుగదిలో అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. కొత్తగా పక్క క్వార్టరులోకి వచ్చిన తెలుగావిడ. మాటల్లో మా నాయనమ్మ ప్రసక్తి వచ్చింది. "ఎలా పోయారండీ?" అని ఆవిడ అడిగింది. అమ్మ నిట్టూర్చి, "మా మేడమీద ఒకావిడ ఉండేదిలెండి..." అని మొదలుపెట్టింది. నేను కలం ఆపి వింటున్నాను. తలుపు తెరిచే ఉంది. లేచి నాలుగు అడుగులు వేస్తే చాలు. అమ్మ కథ చివరిదాకా చెప్పింది. పక్కింటావిడ అయ్యో అంది. నేను లేవలేదు.